ఊరి గోల్ఫ్ క్లబ్ లెక్కలు మీ చేతికిస్తే ఏం చేయాలి?

మీరు అమెరికాలో మూడు వేలో ఐదు వేలో జనాభా ఉన్న ఊళ్లో ఉంటున్నారనుకుందాం. జే-1 వేవర్ (వైద్యులు తక్కువున్న చోట పనిచేసే విదేశీ డాక్టర్లకు వీసా షరతు నుంచి ఇచ్చే మినహాయింపు) మీద మూడేళ్ల కోసమని వచ్చి అక్కడే ఉండిపోయిన డాక్టర్లు, మోటెలో గ్యాస్ స్టేషనో నడుపుకునేవాళ్లు, నాలాగా భార్య ఉద్యోగం వెంట వచ్చి ఇంట్లో కూర్చుని అకౌంటింగ్ పని చేసుకునేవాళ్లు... ఇలాంటి ఊళ్లలో మనవాళ్లు అక్కడక్కడా తగులుతూనే ఉంటారు. ఒకరోజు బ్యాంకు మేనేజరో పక్కింటాయనో ఆగి, "గోల్ఫ్ క్లబ్ బోర్డులో ఒక ఖాళీ ఉంది, మీకు లెక్కలు బాగా వచ్చు కదా" అంటాడు. వినడానికి గౌరవంగానే ఉంటుంది. నేనూ అలాగే ఒప్పుకున్నాను. అప్పటికి నాకు గోల్ఫ్ కర్ర ఏ చేత్తో పట్టుకోవాలో కూడా తెలీదు.

ఇప్పటికి ఐదేళ్లుగా అయోవాలో ఒక తొమ్మిది హోల్స్ కోర్సుకు కోశాధికారిని. మాది నగరం స్థలం, సభ్యుల సంఘం కౌలుకు తీసుకుని నడుపుతుంది. ఈ ఐదేళ్లలో నాకు తెలిసొచ్చింది ఇది: గోల్ఫ్ కోర్సు లెక్కలు పొలం లెక్కల్లాంటివి. ఆడేవాడు వచ్చినా రాకపోయినా గడ్డి పెరుగుతుంది, తెగులు వస్తుంది, మోటారు కాలిపోతుంది. ఊళ్లో కోర్సు మూతపడేది రోజువారీ నష్టంతో అనుకుంటాం. చాలాసార్లు అది మూతపడేది దాచిపెట్టాల్సిన డబ్బు దాచకపోవడం వల్ల. కింద చెప్పేవన్నీ ఆ డబ్బు చుట్టూ తిరిగే పనులే.

కొంచెం పాత కథ. ఈ పల్లెటూరి కోర్సుల్లో చాలావాటికి 1960ల్లో కేంద్ర వ్యవసాయ శాఖే అప్పులిచ్చింది. 1962 వ్యవసాయ చట్టం తర్వాత రైతులకు అప్పులిచ్చే ఏజెన్సీ ఊరి సంఘాలకు వినోద సదుపాయాల కోసం కూడా ఇవ్వడం మొదలుపెట్టింది. 1988లో నేషనల్ గోల్ఫ్ ఫౌండేషన్ రోజుకో కొత్త కోర్సు కట్టాలని పిలుపునిచ్చింది, దాదాపు అలాగే కట్టేశారు కూడా. 2006 నుంచి గాలి తిరిగింది. తెరిచేవాటికంటే మూసేవి ఎక్కువయ్యాయి. 2020లో కోవిడ్ పుణ్యమా అని జనం మళ్లీ మైదానాల మీద పడ్డారు. ఆ మూడు నాలుగేళ్ల కళ చూసి "మన క్లబ్‌కి ఢోకా లేదు" అనేవాళ్లు మీ బోర్డులోనూ ఉంటారు. వాళ్లతో వాదించకండి. నేరుగా మొదటి పనికి వెళ్లండి.

1. లెక్కల పుస్తకం తెరవకముందు నేల మీద నడవండి

పొద్దున్నే ఆరింటికి వెళ్లండి. కోర్సు చూసుకునే ఆయన్ని సూపరింటెండెంట్ అంటారు. చిన్న ఊళ్లో ఆయనే మెకానిక్, ఆయనే ఎలక్ట్రీషియన్, ఒక్కోసారి మంచు తోసేదీ ఆయనే. ఆయన వెంట తొమ్మిది హోల్సూ నడవండి. కార్ట్ (కోర్సులో తిరిగే చిన్న బండి) ఎక్కకండి. కార్ట్ మీదైతే గ్రీన్లు (బంతి పడాల్సిన గుంట చుట్టూ బాగా పొట్టిగా కోసిన గడ్డి) కనిపిస్తాయి, పైపులు కనిపించవు.

గ్రీన్ మీద గడ్డి ఎత్తు దాదాపు మూడు మిల్లీమీటర్లు. రూపాయి బిళ్లలు రెండు, ఒకదాని మీద ఒకటి పెడితే ఎంతో అంత. అంత పొట్టిగా కోయాలంటే మోవర్ పదును సరిగ్గా ఉండాలి. షెడ్డులో దీన్ని మీరే పరీక్షించొచ్చు. రీల్‌కీ (గుండ్రంగా తిరిగే బ్లేడ్ల చుట్టకీ) కింది బ్లేడుకీ మధ్య సన్నటి కాగితం ముక్క పెట్టి, సూపరింటెండెంట్‌ని రీల్‌ను చేత్తో మెల్లగా తిప్పమనండి. కత్తెరతో కోసినట్టు తెగితే బాగున్నట్టు. నలిగి బయటికొస్తే గడ్డి ఆకు కూడా రోజూ అలాగే నలుగుతోందన్నమాట. చిట్లిన కొసల దగ్గరే ముందు తెగులు తగులుతుంది. తర్వాత మందుల బిల్లులో "ఈ ఏడాది ఫంగిసైడ్ ఎందుకింత ఎక్కువ?" అని మీరే అడుగుతారు.

ప్రతి యంత్రం మీదా గంటల మీటరు ఉంటుంది. ఏ సంవత్సరం మోడల్, ఎన్ని గంటలు నడిచింది, చివరగా ఎప్పుడు రిపేరు చేశారు, ఈ మూడూ ఒక కాగితం మీద రాసుకోండి. మా షెడ్డులో ఒక ఫెయిర్‌వే (ఆట మొదలయ్యే చోటు నుంచి గ్రీన్ దాకా కోసిన గడ్డి దారి) మోవర్ ఉండేది. దాని గంటల మీటరు ఎప్పుడో ఆగిపోయింది. ఎప్పుడు ఆగిందో ఎవరికీ గుర్తులేదు.

చివర్లో పంప్ హౌస్. అక్కడ తొందరపడకండి. పంపు వయసెంత, స్పేర్ మోటారు ఉందా, పైపుల మ్యాపు ఉందా అని అడగండి. చాలాచోట్ల మ్యాపు సూపరింటెండెంట్ తలలోనే ఉంటుంది. ఆయనకు అరవై రెండేళ్లుంటే అదొక ఆర్థిక సమస్యే.

2. యజమాని ఎవరో కాగితం మీద తేల్చుకోండి

ఊళ్లో అందరూ "మన కోర్సు" అంటారు. స్థలం ఎవరిది, నడిపేది ఎవరు, అప్పు ఎవరి పేరు మీదుంది అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో జవాబు చెబుతారు. దస్తావేజు చూడండి.

కోర్సు నగరానిదైతే లెక్కలు మామూలుగా ఎంటర్‌ప్రైజ్ ఫండ్‌లో ఉంటాయి. అంటే నీళ్ల శాఖలాగా తన ఆదాయంతో తను బతకాల్సిన విభాగం. బడ్జెట్, ఆడిట్ నివేదిక సిటీ హాల్లో అడిగితే ఇస్తారు. ఆ ఫండ్‌కు జనరల్ ఫండ్ (నగరం మామూలు ఖర్చుల ఖాతా) నుంచి ఏటా ఎంత "అప్పు"గా వెళ్తోందో చూడండి. తిరిగిరాని ఆ అప్పుకు అసలు పేరు సబ్సిడీ.

సభ్యుల క్లబ్ అయితే పన్నుల చట్టంలో 501(సి)(7) కింద ఉండొచ్చు. అలాంటి క్లబ్బుల ఫారం 990 (పన్ను శాఖకు ఏటా ఇచ్చే లెక్క) ఎవరైనా చూడొచ్చు. వెనక్కి వెళ్లి ఐదేళ్లవి తీసుకుని వరసగా పరవండి. ఈ కోవ క్లబ్బులకు ఒక పరిమితి ఉంది. సభ్యులు కానివాళ్లు వచ్చి ఆడినందుకు, తిన్నందుకు వచ్చే డబ్బు మొత్తం రాబడిలో 15 శాతం దాటకూడదు. దాటితే పన్ను మినహాయింపుకే ఎసరు రావచ్చు. బయటివాళ్లకు తలుపులు తెరిచి ఆదాయం పెంచుదామని ఉత్సాహపడే బోర్డు సభ్యులకు ఈ సంగతి చాలామందికి తెలీదు. ఆ ఉత్సాహం మీటింగులో మొదలవగానే సీపీఏతో (లైసెన్సున్న అకౌంటెంట్‌తో) మాట్లాడండి.

ప్రైవేటు యజమానిదైతే, మిమ్మల్ని పెట్టుబడి పెట్టమని పిలిచారేమో చూసుకోండి. అది వేరే కథ. కానీ కింది లెక్క దానికీ పనికొస్తుంది.

3. ఒక పేజీ లెక్క వేయండి

అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఇచ్చే పన్నెండు పేజీల రిపోర్టు బోర్డులో ఎవరూ చదవరు. ఒక్క పేజీలో పట్టేలా మీరే రాయండి. ఎలా ఉంటుందో చూపించడానికి తొమ్మిది హోల్స్ కోర్సుకు ఒక ఊహా లెక్క ఇస్తున్నాను. అంకెలు నావి. మీ ఊరివి మీరు వేసుకోవాలి.

రాబడి: సీజన్ పాసులు 160, ఒక్కోటి 550 డాలర్లు, మొత్తం 88,000. రోజువారీ ఆటగాళ్లు 4,000 రౌండ్లు (ఒకరు ఒకసారి ఆడితే ఒక రౌండు), 18 డాలర్ల చొప్పున 72,000. కార్ట్ అద్దెలు, సొంత కార్టు తెచ్చుకునేవాళ్లు కట్టే ట్రైల్ ఫీజు, కార్ట్ షెడ్డు అద్దె కలిపి 45,000. లీగులు, టోర్నమెంట్లు 20,000. తిండి, బీరు అమ్మకం 90,000. అంతా కలిపి 3,15,000.

ఖర్చు: కోర్సు పనివాళ్ల జీతాలు పేరోల్ పన్నులతో సహా 96,000. ఎరువులు, మందులు, విత్తనం 32,000. ఇంధనం, విడిభాగాలు, రిపేర్లు 24,000. కరెంటు, నీళ్లు 15,000. కార్టుల లీజు 25,000. బీమా 14,000. క్లబ్‌హౌస్ జీతాలు 45,000. తిండి, బీరు సరుకు 42,000. ఆస్తి పన్ను 6,000. కార్డు ఫీజులు, ఆఫీసు, అకౌంటింగ్ 10,000. మొత్తం 3,09,000.

మిగులు 6,000. బోర్డులో అందరి మొహాలూ వెలిగిపోతాయి. "ఈ ఏడాది లాభంలో ఉన్నాం" అని మినిట్స్‌లో రాసుకుంటారు.

ఇందాక చెప్పిన 15 శాతం గుర్తుందా? ఈ ఊహా క్లబ్ 501(సి)(7) అయితే, రోజువారీ ఆటగాళ్లంతా బయటివాళ్లే అయితే, 72,000 అంటే రాబడిలో దాదాపు 23 శాతం. బీరు తాగిన డబ్బు కలపకముందే హద్దు దాటేసింది. ఒక పేజీ లెక్క ఉంటే ఇలాంటివి కంటికి కనిపిస్తాయి.

4. తరిగిపోయేవాటి పట్టీ వేయండి

అన్నిటికంటే ముఖ్యమైన పని ఇది. ఈ వ్యాసంలో మిగతాదంతా మర్చిపోయినా ఇది చేయండి.

కోర్సులో ప్రతి వస్తువుకూ ఆయుష్షుంది. గోల్ఫ్ కోర్సుల ఆర్కిటెక్టుల సంఘం దీనికి ఒక పట్టికే వేసింది. గ్రీన్లు 15 నుంచి 30 ఏళ్లు. నీళ్ల పైపుల వ్యవస్థ 10 నుంచి 30. పంపు స్టేషను 15 నుంచి 20. బంకర్లలో (ఆటకు అడ్డంగా పెట్టే ఇసుక గుంటల్లో) ఇసుక 5 నుంచి 7. తారు కార్ట్ దారులు 5 నుంచి 10. మీ కోర్సు 1960ల్లో కట్టి, పైపులు ఎప్పుడో ఒక్కసారి మార్చి ఉంటే, మీరు బోర్డులో ఉన్నప్పుడే ఇవన్నీ ఒకేసారి మీ ఒళ్లో పడే అవకాశం ఉంది.

ఒక్కోదాని మార్పిడి ఖర్చును దాని ఆయుష్షుతో భాగించండి. మన ఊహా క్లబ్‌కు: పైపుల వ్యవస్థ 4 లక్షల డాలర్లు, 25 ఏళ్లు, ఏడాదికి 16,000. మోవర్లు, ట్రాక్టర్లు, స్ప్రేయర్ కలిపి 2.5 లక్షలు, 10 ఏళ్లు, 25,000. పంపు 60,000, 15 ఏళ్లు, 4,000. కార్ట్ దారులు 50,000, 10 ఏళ్లు, 5,000. క్లబ్‌హౌస్ కప్పు, ఏసీ 60,000, 20 ఏళ్లు, 3,000. మొత్తం ఏటా 53,000.

అంటే 6,000 లాభం నిజానికి 47,000 నష్టం. దాన్ని 160 పాసులతో భాగిస్తే ఒక్కో సభ్యుడికి 294 డాలర్లు వస్తుంది. అతను 550 కడుతున్నాడు, ఇంకో 294 తన తర్వాత ఆడబోయేవాడి దగ్గర చేబదులు తీసుకుంటున్నాడు.

ఈ మాటే మా వార్షిక సమావేశంలో చెప్పినప్పుడు ముందు వరసలో అందరూ చేతులు కట్టుకుని కూర్చున్నారు. వెనకాల ఒక పెద్దాయన ఉన్నాడు, మొక్కజొన్న రైతు. "అంటే మనం కంబైన్ కోసం ఒక్క డాలరు పక్కన పెట్టకుండా పంటంతా అమ్ముకు తింటున్నాం" అన్నాడు. నేను పది స్లైడ్లలో చెప్పలేనిది ఆయన ఒక్క ముక్కలో తేల్చేశాడు. తరుగుదల అంటే డాక్టర్లకూ లాయర్లకూ వివరించాలి. రైతుకు అక్కర్లేదు. మీ బోర్డులో ఒక రైతు ఉండేలా చూసుకోండి.

మాకు ఈ బుద్ధి ఎలా వచ్చిందో కూడా చెబుతాను. నేను చేరిన రెండో ఏడాది జూలైలో, ఒక శుక్రవారం మధ్యాహ్నం పంపు ఆగిపోయింది. ఎండ 97 డిగ్రీల ఫారెన్‌హీట్. రిపేరు చేసేవాళ్లు సోమవారం దాకా రారు. ఒక సభ్యుడు పొలాల్లో మందు కొట్టడానికి వాడే నీళ్ల ట్యాంకు ట్రెయిలర్‌ను శుభ్రంగా కడిగి తెచ్చాడు. శని, ఆదివారాలు తలా ఒక గొట్టం పట్టుకుని గ్రీన్లు తడిపాం. నా చేతిలో ఉన్నది నాలుగో గ్రీన్. ఆదివారం సాయంత్రానికి అది నీలం కలిసిన బూడిద రంగులోకి తిరిగింది, అడుగు వేస్తే అచ్చు అలాగే నిలిచిపోయింది. గడ్డి దాహంతో ఉందనడానికి గుర్తు అదేనని సూపరింటెండెంట్ అప్పుడు చెప్పాడు. రెండు గ్రీన్లు సగం పోయాయి. పంపు బిల్లు 19,000 డాలర్లు. బ్యాంకులో ఉన్నది 11,000. కోశాధికారిని నేనే.

5. డబ్బు క్యాలెండరు గీయండి

ఉత్తరాది రాష్ట్రాల్లో ఆట ఏప్రిల్ నుంచి అక్టోబరు దాకా. పాసుల డబ్బు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లో ఒక్కసారి వచ్చిపడుతుంది. ఖాతాలో లక్ష డాలర్లు కనిపించగానే ఎవరో ఒకరు కొత్త కుర్చీలు కొందామంటారు. ఆ డబ్బు ఇంకా మీది కాలేదు. ఏడు నెలల పాటు గడ్డి కోసి ఇస్తామని ముందే పుచ్చుకున్న బయానా అది.

ఇలా చేయండి. పాసుల డబ్బంతా వేరే ఖాతాలో వేయండి. దాన్నుంచి నెలకింత అని నడిపే ఖాతాకు మార్చండి, బోర్డు తీర్మానం లేకుండా అంతకు మించి తీయకూడదు. ఆ పాసుల డబ్బు పక్కన పెడితే, నవంబరు నుంచి మార్చి దాకా రాబడి దాదాపు సున్నా. సూపరింటెండెంట్ జీతం, బీమా, కరెంటు మాత్రం ఆగవు. ఆ ఐదు నెలలకు నెలకు 9,000 అనుకుంటే 45,000 కావాలి. కాబట్టి అక్టోబరు 31న బ్యాంకులో 45,000 ఉందా లేదా అన్నదే మీ అసలు పరీక్ష. లేకపోతే మార్చిలో వచ్చే పాసుల డబ్బుతో గడిచిన చలికాలం బాకీ తీరుస్తున్నారన్నమాట. ఒకసారి ఆ సుడిలో పడితే ప్రతి ఏడాదీ ఇంకాస్త లోపలికి లాగుతుంది. పడ్డ క్లబ్బులన్నీ "వసంతానికి ముందే కట్టేవాళ్లకు 20 శాతం తగ్గింపు" అని బోర్డు పెడతాయి. ఆ బోర్డు డిసెంబరులో కనిపిస్తే జీతాలకు డబ్బు లేదని అర్థం.

6. రౌండు ఖర్చు తెలుసుకుని ధర మాట్లాడండి

పాసు తీసుకున్నవాళ్లు సగటున 35 రౌండ్లు ఆడితే 160 మందికి 5,600. రోజువారీవి 4,000. మొత్తం 9,600. క్లబ్‌హౌస్ జీతాలు, సరుకు తీసేస్తే కోర్సు ఖర్చు 2,22,000. ఒక్కో రౌండుకు 23 డాలర్ల పైమాటే. పాసుదారుడు రౌండుకు సగటున 15.70 కడుతున్నాడు. రిటైరై వారానికి నాలుగు రోజులు ఆడే పెద్దాయన ఐదు డాలర్లలోపే ఆడేస్తున్నాడు. ఆయన్ని వేలెత్తి చూపకండి. లీగు నడిపేదీ, చెట్ల కొమ్మలు ఏరేదీ, ఎవరైనా పోతే సాయపడేదీ ఆయనే.

ధర పెంచేటప్పుడు ఏటా కొంచెం కొంచెం పెంచండి. ఎనిమిదేళ్లు ఊరుకుని ఒక్కసారి 150 పెంచితే ఊరు రెండుగా చీలుతుంది. కట్టలేనివాళ్లకు నెలవారీ వాయిదాలు పెట్టండి. "డబ్బు బదులు పని చేస్తాం" అనేవాళ్లు వస్తారు. నగరం కోర్సుకో లాభాపేక్ష లేని సంస్థకో అది కుదరొచ్చు. ప్రైవేటు యజమాని కోర్సులో ఉచితంగా పని చేయించుకోవడం కార్మిక చట్టం ఒప్పుకోదు. ముందే లాయరును అడగండి.

బుకింగ్ సాఫ్ట్‌వేర్ ఊరికే ఇస్తామని వచ్చే కంపెనీల విషయంలో కాస్త జాగ్రత్త. డబ్బు బదులు రోజుకు కొన్ని టీ టైములు (ఆట మొదలుపెట్టే వేళలు) తీసుకుని, వాటిని తమ సైట్‌లో తక్కువ ధరకు అమ్ముకుంటారు. ఏడాదికి ఎన్ని టైములిచ్చారో లెక్కకట్టి మీ ధరతో గుణించండి. నెలకు కొంత కట్టి సాఫ్ట్‌వేర్ కొనుక్కోవడమే చవక అని చాలాసార్లు తేలుతుంది.

పిల్లల కోసం యూత్ ఆన్ కోర్స్ అనే సంస్థ ఉంది. పిల్లలు 5 డాలర్లు లేదా అంతకు తక్కువ కట్టి ఆడతారు, తేడాలో కొంత ఆ సంస్థ కోర్సుకు ఇస్తుంది. మంగళవారం మధ్యాహ్నం ఎలాగూ ఖాళీగా పడి ఉండే మైదానానికి అది ఉట్టి పుణ్యానికి వచ్చే రాబడి.

7. కోత పెట్టాలంటే ఎకరాల్లో పెట్టండి

ఖర్చు తగ్గించమంటే బోర్డు చూపు ముందు సూపరింటెండెంట్ జీతం మీదికే పోతుంది. అది తప్ప ఏదైనా తగ్గించండి. మంచి మనిషి పోతే మళ్లీ దొరకడానికి రెండు సీజన్లు పడుతుంది, ఈలోపు గ్రీన్లు పోతాయి.

18 హోల్స్ కోర్సు మామూలుగా 150 ఎకరాలు. అందులో కోసి, తడిపి, మందు కొట్టే గడ్డి వంద ఎకరాల దాకా ఉంటుంది. గ్రీన్లు మూడు ఎకరాలే. తొమ్మిది హోల్స్ అయితే అందులో సగం. ఆడేవాడు కోర్సు బాగుందా లేదా అని తేల్చుకునేది ఆ ఎకరంన్నర మీదే. మిగతాచోట్ల కోత పెట్టినా పెద్దగా పట్టించుకోడు.

నీళ్లే తీసుకోండి. ఎకరం మీద అంగుళం నీరంటే 27,154 గ్యాలన్లు. 15 ఎకరాల ఫెయిర్‌వేలకు వారానికి అంగుళం ఇస్తే 4 లక్షల గ్యాలన్లు దాటుతుంది. ఎకరంన్నర గ్రీన్లకు 41 వేలు చాలు. ఆగస్టులో ఫెయిర్‌వేలు గోధుమరంగుకు తిరిగితే తిరగనివ్వండి. బ్లూగ్రాస్ లాంటిదైతే నిద్రపోయి మళ్లీ లేస్తుంది. ఆటకూ నష్టం లేదు, బంతి ఇంకా దూరం దొర్లుతుంది. ఎవరి ఆటా అక్కడికి పోని రఫ్‌ను (ఫెయిర్‌వే పక్కనుండే గడ్డిని) కోయడం మానేసి పొడుగు గడ్డిగా వదిలేయండి. ఆ మార్పు చేసేటప్పుడు క్లబ్‌లో బంతులు ఎక్కువగా పోగొట్టుకునేవాణ్ణి వెంట తీసుకెళ్లి, "నీ బంతి ఎక్కడెక్కడ పడుతుంది?" అని అడిగి ఆ చోట్లు మాత్రం కోస్తూ ఉండండి. మేం అలా చేయకుండా మొదటి ఏడాది గీత గీసి చివాట్లు తిన్నాం. అవసరం లేని బంకర్లు పూడ్చేయండి. చేత్తో గీరాల్సిన ఇసుక తగ్గిన కొద్దీ జీతం గంటలు తగ్గుతాయి.

"గడ్డి గ్రీన్లు లేకపోతే గోల్ఫే కాదు" అనేవాళ్లకు నేను చెప్పేదొకటి ఉంది. నార్త్ కరొలినాలోని పైన్‌హర్స్ట్ నంబర్ 2 ఎంత పేరున్న కోర్సో అందరికీ తెలుసు. 1935 దాకా అక్కడ ఉన్నవి ఇసుక గ్రీన్లే. కాన్సస్, నెబ్రాస్కా పల్లెల్లో నూనె కలిపిన ఇసుక గ్రీన్లు ఇంకా కొన్ని మిగిలున్నాయి. పుట్ (బంతిని గుంటలోకి దొర్లించే దెబ్బ) కొట్టే ముందు ఒక పట్టీ లాగి దారి చదును చేసుకుంటారు. మన దేశంలోనూ పాత కంటోన్మెంట్ కోర్సుల్లో వీటిని బ్రౌన్లు అనేవాళ్లు. మిమ్మల్ని ఇసుకకు మారమనడం లేదు. ఆట బతకడానికి నిజంగా కావాల్సింది ఎంత తక్కువో గుర్తుచేస్తున్నాను.

8. వంటగది విషయంలో గుండె రాయి చేసుకోండి

ఊహా లెక్కలో తిండి, బీరు అమ్మకం 90,000. సరుకు 42,000, జీతాలు 45,000. మిగిలింది 3,000. అందులోంచి గ్యాసు, కరెంటు, పాడైపోయిన ఫ్రీజరు. అంటే నష్టమే. శుక్రవారం రాత్రి ఫిష్ ఫ్రై లేకపోతే క్లబ్ కాదంటారు. సరే, శుక్రవారం ఉంచండి. వారంలో మిగతా రోజులు హాట్‌డాగ్, చిప్స్, చల్లటి బీరు చాలు. మద్యం అమ్ముతుంటే డ్రామ్ షాప్ బీమా (తాగినవాళ్లు చేసే నష్టానికి అమ్మినవాళ్ల మీద పడే బాధ్యతకు) ఎంతకు ఉందో చూడండి, అక్కడ పొదుపు చేయకండి.

టెన్నెసీలో సౌత్ పిట్స్‌బర్గ్ అనే చిన్న ఊరుంది. మన ఇళ్లలో దోసెలు పోసుకునే లాడ్జ్ ఇనప పెనాలు తయారయ్యే ఊరే. అక్కడ పాత కోర్సును తిరగదోడి 2014లో స్వీటెన్స్ కోవ్ అని తొమ్మిది హోల్స్‌తో తెరిచారు. అప్పట్లో క్లబ్‌హౌస్ అంటే ఒక షెడ్డు, అంతే. డబ్బంతా నేల మీద పెట్టారు. ఇప్పుడు దూరదూరాల నుంచి వచ్చి రోజంతా ఆడుకునే పాసు కొనుక్కుంటున్నారు. అందరికీ అలా కలిసిరాదు. వాళ్లకు దొరికిన డిజైనర్లు, దగ్గరున్న పెద్ద నగరాలు మీకు ఉండకపోవచ్చు. డబ్బు ముందు ఎక్కడ పెట్టాలన్నది మాత్రం వాళ్ల దగ్గర చూసి నేర్చుకోవచ్చు.

హాలు మాత్రం అద్దెకివ్వండి. మార్చిలో మా క్లబ్‌హౌస్ ఖాళీగానే ఉంటుంది. చుట్టుపక్కల నాలుగు కౌంటీల తెలుగువాళ్లం ఉగాదికి అక్కడే చేరతాం, అద్దె పూర్తిగా కట్టి. పచ్చడి రుచి చూసిన మా బోర్డు అధ్యక్షుడు మొదట చేదు తగిలి మొహం చిట్లించి, తర్వాత ఇంకో చెంచా అడిగాడు.

9. మిగిలిన లోటు ఊరిని అడగండి

లోటు 47,000 కదా. పాసును 640 చేస్తే పది మంది మానేశారనుకుందాం, 150 మందితో 96,000, అంటే 8,000 పెరిగింది. రోజు ఫీజు 22 చేసి 3,800 రౌండ్లు వస్తే 83,600, ఇంకో 11,600. కోసే ఎకరాలు తగ్గించి 8,000 మిగిల్చారు. వంటగది గంటలు తగ్గించి 10,000. మొత్తం 37,600. ఇంకా 9,400 కావాలి.

నాలుగు వేల జనాభా ఉన్న ఊళ్లో 9,400 అంటే మనిషికి 2.35 డాలర్లు. కౌన్సిల్ దగ్గరికి ఈ అంకెతో వెళ్లండి. "మేం లాభంలో ఉన్నాం, ఈ ఒక్కసారి సాయం చేయండి" అని మాత్రం అనకండి, వచ్చే ఏడాదీ వెళ్లాల్సి వస్తుంది. స్విమ్మింగ్ పూల్‌కు, లైబ్రరీకి, పార్కుకు ఊరు ఎంత పెడుతోందో ఆ బడ్జెట్ కాగితంలోనే ఉంటుంది, పక్కన పెట్టి చూపించండి. పూల్ లాభం తేవాలని ఎవరూ అడగరు. గోల్ఫ్‌ను మాత్రం అడుగుతారు, డబ్బున్నవాళ్ల ఆట అని మనసులో ఉంటుంది. హైస్కూల్ జట్టు ఎక్కడ ప్రాక్టీసు చేస్తుందో, గురువారం మహిళల లీగులో ఎంతమంది ఉన్నారో, వాళ్లలో ఎంతమంది ఫ్యాక్టరీ షిఫ్టు దిగి వస్తారో చెప్పండి. అది మీ ఊళ్లో నిజమైతేనే చెప్పండి. కౌన్సిల్ సభ్యులకు ఊళ్లో అందరూ తెలుసు.

ఊరు ఒప్పుకోకపోతే మూసేయడం గురించి కూడా లెక్క వేసి పెట్టుకోండి. స్థలం మీద ఏ షరతులున్నాయి, అప్పు ఎంత మిగిలుంది, కార్టుల లీజు మధ్యలో వదిలేస్తే ఎంత కట్టాలి. గేటు మూసినా కలుపు కోయాలి, ఆస్తి పన్ను కట్టాలి. 18 హోల్స్ ఉన్నవాళ్లు తొమ్మిదికి తగ్గొచ్చు. మిగతా సగం ఊరి పార్కుగానో ఫుట్‌గోల్ఫ్‌కో (ఫుట్‌బాల్‌ను కాలితో తన్ని గుంటలో వేసే ఆట) వాడుకోవచ్చు. దానికి 21 అంగుళాల గుంట తవ్వితే చాలు, గడ్డి మూడు మిల్లీమీటర్లు ఉండక్కర్లేదు.

బోర్డు మీటింగు ఇంకా పది రోజులుంటే, ఈలోపు చేయాల్సిన పని ఒకటుంది. సూపరింటెండెంట్‌కి ఫోన్ చేసి ఏ రోజు తీరికో కనుక్కోండి. డోనట్లు పట్టుకెళ్లండి. పంప్ హౌస్ తాళం తీయించి, మోటారు మీద అతికించిన రేకు మీది సంవత్సరం ఫోన్‌తో ఫొటో తీసుకోండి. మాదాని మీద 1987 అని ఉండేది.